ముందు పన్ను ఫిల్లింగ్ పచ్చబడింది, తీసేసి కొత్తది వేయించుకోవాలా?

అలిపిరిమెట్టు:
రెండేళ్ల కిందట బైక్ మీంచి పడితే ముందు పన్ను కొస విరిగింది. తిరుపతిలోనే పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ వేయించుకున్నా. అప్పుడు ఎవరూ కనిపెట్టలేకపోయారు. ఇప్పుడు ఫోటోల్లో ఆ ముక్కొక్కటే పచ్చగా పడుతోంది. వచ్చే నెల చెల్లెలి పెళ్లి, ఒకటే టెన్షన్. బ్లీచింగ్ చేయిస్తే పోతుందా? రోజుకు నాలుగు కాఫీలు తాగుతానని ముందే ఒప్పుకుంటున్నా.

చిత్తూరుబేనీషా:
బ్లీచింగ్ వద్దన్నా. నేను చేసిన తప్పే అది. పళ్లు తెల్లబడ్డాయి, ఫిల్లింగ్ మాత్రం ఉన్న రంగులోనే ఉండిపోయింది. అంతకుముందు నాకొక్కడికే తెలిసే తేడా తర్వాత అందరికీ తెలిసింది. పంటి రంగు కుదురుకోవాలని రెండు వారాలు ఆపి, కొత్త ఫిల్లింగ్ వేశారు.

పళ్లడాక్టరు:
అద్దంలో దగ్గరగా చూడండి. ఫిల్లింగ్ పైనంతా రంగు పట్టి ఉంటే చాలావరకు పాలిష్‌తో పోతుంది. పన్నూ ఫిల్లింగూ కలిసే చోట గోధుమరంగు గీత ఉంటే సందు పడి ఉండొచ్చు, ఎక్స్‌రే తీయించాలి.

కాంపోజిట్‌లో ఉండే రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం నోట్లోని తడిని కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది, దాంతోపాటే కాఫీ రంగూ లోపలికి పోతుంది. గట్టిపరచడానికి పెట్టే లైట్ సరిగా పడక సగం గట్టిపడిన ఫిల్లింగైతే మరీను. అందుకే మామూలు రకాలను 2 మిల్లీమీటర్ల మందం మించకుండా పొరలుగా వేసి, ఒక్కో పొరకూ లైట్ పెడతాం. అన్నిటికన్నా పైపొర గాలిలోని ఆక్సిజన్ వల్ల జిగటగానే మిగులుతుంది. దాన్ని అరగదీసి నున్నగా పాలిష్ చేయకపోతే మరక ముందు పట్టేది అక్కడే. నిజం చెప్పాలంటే, బయట పదిమంది కూర్చుని ఉన్నప్పుడు తొందరగా ముగించేది ఈ పాలిష్‌నే.

పచ్చబడటంలో ఇంకో రకం ఉంది. లైట్‌కు గట్టిపడటానికి కలిపే అమీన్లు ఏళ్లు గడిచేకొద్దీ ఆక్సీకరణ చెంది, ఫిల్లింగ్ లోపలినుంచే పచ్చబడుతుంది. దానికి పాలిష్ పనిచేయదు.

సంకటిముద్ద:
కాఫీనే అంటారేం, మన పసుపు తక్కువదా డాక్టర్ గారూ! మా పాప క్లిప్పుల రబ్బర్లు నాటుకోడి పులుసు తిన్న పూటే పచ్చబడ్డాయి. బట్టల మీద పసుపైతే ఎండకు పోతుంది, నోట్లో ఎండెక్కడిది?

పళ్లడాక్టరు:
నిజమే మేడమ్, పసుపు గట్టిగా పట్టేస్తుంది. తిన్న వెంటనే నీళ్లతో పుక్కిలిస్తే కొంత నయం. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను చెప్పిన రోజులు దాటి వాడినా గోధుమరంగు మరకలు పడతాయి.

అలిపిరిమెట్టు:
ఈరోజు చూపించుకున్నా. గీత లేదు. పాలిష్‌తో ముప్పాతిక వంతు పోయింది, మిగిలింది లోపలిదట. పైపొర చెక్కి కొత్తది వేయడానికి పెళ్లికి వారం ముందు రమ్మన్నారు. పన్ను ఆరితే ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుందని, తడిగా ఉన్నప్పుడే షేడ్ చూసి ఎ2 (పంటి రంగుకు వాడే కోడ్) అని రాసుకున్నారు. కాఫీ మూడుకు తగ్గించా. ఇంకా తగ్గించమనకండి.