చాసర్, మిల్టన్, గ్రే: కీర్తి మీద వ్యాసం ఎలా రాయాలి?

ప్రశ్న (ఎంఏ ఫైనల్): కీర్తి, హోదా అనే అంశం మీద వ్యాసం తయారు చేసుకుంటున్నాను. గైడ్లన్నిటిలో ఒకటే మాట: పేరు నిలవదు, చావు ముందు అందరూ సమానం. చాసర్, మిల్టన్, గ్రే, ఈ ముగ్గురు ఇంగ్లిష్ కవులూ ఒకటే చెప్పినట్టుంది. వీళ్లని విడదీసి చూపాలంటే ఏ భాగాలు పట్టుకోవాలి?

జవాబు (మార్జిన్ రాతలు): కీర్తిని పంచేది ఎవరో చూడండి, తేడా అక్కడే దొరుకుతుంది. చాసర్‌కి 'హౌస్ ఆఫ్ ఫేమ్' కావ్యంలో మూడో భాగం చాలు. కీర్తిదేవత కోట మంచుకొండ మీద ఉంటుంది. ఆ మంచులో చెక్కిన పేర్లకి ఒకవైపు ఎండ తగిలి అక్షరాలు కరిగిపోయాయి. ఉత్తరం వైపు కోట నీడ ఉంది కాబట్టి అక్కడివి నిన్న చెక్కినట్టున్నాయి. పేరు నిలవడానికి గొప్పతనం కారణం కాదు, నీడ పడిందంతే!

తర్వాత తొమ్మిది గుంపులు ఆ దేవతని వరమడగడానికొస్తాయి. మొదటి మూడూ మంచి పనులు చేసినవాళ్లవే. ఒకదానికి ఏ పేరూ లేదు, రెండోదానికి నింద, మూడోదానికి అర్హతని మించిన పొగడ్త. ఎందుకమ్మా అంటే 'నాకిష్టం లేదు' అంటుంది. తొమ్మిదీ వరసపెట్టి రాస్తే పేజీ హరించుకుపోతుంది. ఈ మూడూ, గుడి తగలబెట్టి పేరు కోరుకున్న ఆఖరివాడూ చాలు. వాడి కోరికకి ఆవిడ సంతోషంగా ఒప్పుకుంటుంది.

జవాబు (పాతపుస్తకం): మిల్టన్ శోకగీతం 'లిసిడస్'లో 64 నుంచి 84 వరకు పంక్తులు చదవండి. కీర్తి కాంక్షని 'గొప్ప మనసుల చివరి బలహీనత' అన్న చోటే ఆగిపోయి, మిల్టన్ కీర్తిని తిట్టాడని రాసేస్తుంటారు. అది దుఃఖంలో ఉన్న గొర్రెలకాపరి మాట. 76వ పంక్తి మధ్యలో కవిత్వ దేవుడు ఫీబస్ (అపోలో) అడ్డుపడి, ప్రాణం తెగినా మెప్పు తెగదంటాడు. అసలైన కీర్తి ఈ నేల మీద మొలిచే మొక్క కాదు, దాని తీర్పు దేవతల రాజైన జోవ్‌ది. చాసర్ దేవతకి ఇది నేరుగా ఎదురు. ఇంకోటి, గ్రీకు పురాణాల్లో ప్రాణదారం కోసే కత్తెర విధిదేవత అట్రోపస్‌ది. దాన్ని మిల్టన్ గుడ్డి ఫ్యూరీ (పగతీర్చే దేవత) చేతిలో పెట్టడం పొరపాటని రాయకండి. 1637లో చిన్న వయసులోనే సముద్రంలో మునిగిపోయిన ఎడ్వర్డ్ కింగ్ కోసం రాసిన పద్యమది, ఆ కోపం కావాలనే పెట్టింది.

ప్రశ్న (ఎంఏ ఫైనల్): థాంక్సండీ. గ్రేలో మాత్రం సమాధి దగ్గర సమానత్వం తప్ప ఏముంది?

జవాబు (మార్జిన్ రాతలు): చాలా ఉంది. పల్లె శ్మశానం మీద రాసిన 'ఎలిజీ'లో 36వ పంక్తి ('కీర్తి దారులన్నీ సమాధికే') అందరూ కోట్ చేస్తారు, 35ని తప్పు చదువుతారు. అక్కడి క్రియ 'అవెయిట్స్' (కాచుకుని ఉంది) ఏకవచనం, కర్త 'అవర్', అంటే చావు ఘడియ. వంశగౌరవం, అధికారం దేనికోసమో ఎదురుచూడటం లేదు, వాటికోసమే ఆ ఘడియ కాచుకుని ఉంది. కొన్ని ముద్రణలు బహువచనం చేసి అర్థం తిరగేశాయి.

57 నుంచి 68 వరకూ వదలకండి. రాజుని ఎదిరించిన పార్లమెంటు సభ్యుడు హాంప్‌డెన్, కవి మిల్టన్, రాజుని ఓడించి పాలించిన క్రామ్‌వెల్ అంతటివాళ్లు ఈ ఊరి మట్టిలో అనామకంగా పడి ఉండొచ్చంటాడు. తొలి రాతప్రతిలో వీళ్ల చోట రోమన్లు కేటో, టల్లీ (సిసిరో), సీజర్ ఉన్నారు. ఇంగ్లిష్ అంతర్యుద్ధం నాటి పేర్లు రావడంతో కీర్తికి రక్తం కూడా అంటింది. పేదరికం వాళ్ల ప్రతిభతో పాటు నేరాలకీ కళ్లెం వేసిందని 66లోనే చెప్పాడు. గైడ్లు ఎగరగొట్టేది సరిగ్గా ఈ ముక్కనే.

టైముంటే శామ్యూల్ జాన్సన్ 1749 నాటి పద్యం 'వానిటీ ఆఫ్ హ్యూమన్ విషెస్'లో స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ భాగం, 191 నుంచి 222 వరకు, ఒక్క పేరాలో చేర్చండి. లేకపోతే ముట్టుకోవద్దు, సగం సగం రాస్తే మార్కులు పోతాయి.