అడవిలో జలపాతం కింద మడుగు, పిల్లల్ని దిగనివ్వొచ్చా?

పటమట వాసి:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. మా ఆఫీసులో ఒకాయన పోయిన నెల మన్యంలో ఒక చిన్న జలపాతానికి వెళ్లొచ్చి ఫొటోలు చూపించారు. రోడ్డు పక్కన బండి ఆపి అడవిలో ముప్పావు గంట నడవాలట. మనిషి అలికిడి లేదు. రెండు తాటిచెట్ల ఎత్తు నుంచి నీళ్లు పడుతున్నాయి, కింద గుండ్రంగా ఆకుపచ్చ మడుగు. ఆ ఫొటో మావాడి కంట పడింది. అప్పటి నుంచి ఇంట్లో రోజూ అదే మాట.

వాడికి 13 ఏళ్లు. రెండు వేసవులు స్విమ్మింగ్ పూల్‌కి పంపించాం. ఈ చివర నుంచి ఆ చివరకి ఆగకుండా ఈదుతాడు. పాపకి 8, ఈత రాదు. నాకూ, మా ఆవిడకీ రాదు. చిన్నప్పుడు మా నాన్న నన్ను కాలువ గట్టు మీద నిలబడనిచ్చేవారు కాదు. ఆయన భయం ఆయనది, కానీ నీళ్లంటే ఏమిటో తెలియకుండానే నాకు 41 వచ్చేశాయి. అందుకే మావాడికి ‘వద్దు’ అని చెప్పాలంటే మనసు ఒప్పుకోవడం లేదు. సరే అనాలంటే టెన్షన్.

దసరా సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాం. ఆ మడుగులో వాణ్ణి దిగనివ్వొచ్చా? లోతు ఎలా తెలుసుకోవాలి? అంత దూరం వద్దంటే, ఒక్క రోజులో వెళ్లొచ్చేలా ఇటువైపు ఏదైనా ఉందా? ఎత్తిపోతల అయితే ఎలా ఉంటుంది?

గుంటూరు బ్రాడీపేట:

ఎత్తిపోతల చూడ్డానికండీ, దిగడానికి కాదు. చంద్రవంక అక్కడ దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. అక్కడే మొసళ్ల పెంపక కేంద్రం ఉంది. ఎదురుగా గట్టు మీద నిలబడి చూసి రావడమే. మాచర్ల మీదుగా వెళ్తే దారిలోనే తగులుతుంది, అక్కడి నుంచి సాగర్ డ్యామ్ 11 కిలోమీటర్లు. రెండూ కలిపి ఒక్క రోజులో చూసి రావచ్చు. మా పిల్లలకైతే బాగా నచ్చింది. కానీ మీ బాబు అడుగుతున్నది ఇది కాదు.

కాలువగట్టు:

తమ్ముడూ, మీవాడికి ఈత వచ్చు కాబట్టే నేను ఇంత పొడుగు రాస్తున్నాను. రానివాడు ఎలాగూ ఒడ్డునే ఉంటాడు.

నేను బందరు కాలువలో ఈత నేర్చుకున్నాను. మా పెదనాన్న నా వీపుకి బెండు కట్టి నీళ్లలోకి తోసేవాడు. పదో ఏడు వచ్చేసరికి బెండు లేకుండా, ప్రవాహానికి ఏటవాలుగా ఈది అవతలి గట్టు అందుకునేవాణ్ణి. మా బాబాయి కొడుకు నాకంటే మొనగాడు. వాడికి 20, నాకు 22 ఉన్నప్పుడు నలుగురం కలిసి మన్యంలో మీరు చెప్పినలాంటి చోటికే వెళ్లాం. వాడు మడుగులో దిగి తిన్నగా నీళ్లు పడే చోటికి ఈదాడు, కింద నిలబడి తల మీద పోయించుకోవాలని.

ఆ తర్వాత చూసింది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. వాడి చేతులు ఆడుతున్నాయి, మనిషి మాత్రం పైకి తేలడం లేదు. చేతికి తగులుతున్నది నురుగు, నీళ్లు కాదు. అంత ఎత్తు నుంచి పడే నీళ్లు గాలిని కూడా లోపలికి లాక్కుపోతాయి. బుడగలతో నిండిన ఆ తెల్లటి నీళ్లు మనిషిని మోయలేవు. ఎంత ఈత వచ్చినా మునిగిపోతాడు. పైగా అడుక్కి వెళ్లిన నీళ్లు కాస్త ముందుకొచ్చి పైకి లేచి, పైపైన మళ్లీ జలపాతం వైపే తిరుగుతాయి. బయటికి ఈదుతున్న మనిషిని వెనక్కే లాగుతాయి. వాడు ఒక్కసారి కూడా అరవలేదు. మునిగేవాళ్లు కేకలు వేస్తారనుకుంటాం. ఊపిరి అందని మనిషికి కేక ఎక్కడి నుంచి వస్తుంది?

మా అదృష్టం కొద్దీ పైన మేకలు తోలుకొచ్చిన ఒకాయన పొడుగాటి వెదురు గడతో దిగొచ్చి, రాతి మీద బోర్లా పడుకుని అందించాడు. ఆ రోజు ఆయన లేకపోతే నేను మా పిన్ని ముందుకి వెళ్లగలిగేవాణ్ణి కాదు. మీ ఆఫీసాయన ‘మనిషి అలికిడి లేదు’ అన్నారు చూశారా, ఆ మాట చదవగానే నాకు ఆ మేకలాయనే గుర్తొచ్చాడు.

లోతు సంగతి. తేట నీళ్లలో అడుగు కనిపిస్తోందని నమ్మకండి. నాలుగడుగుల లోతు కంటికి మూడడుగుల్లా కనిపిస్తుంది. మనిషంత కర్ర తీసుకుని అడుగడుక్కీ పొడిచి చూసుకుంటూ దిగాలి. తల ముందుగా దూకడం అనే మాటే వద్దు, నీళ్ల కింద బండలు ఉంటాయి. తడిసి నల్లగా మెరిసే రాయి అంటే పాచి ఉన్నట్టే. ఎక్కువమంది నీళ్లలో కాదు, ఆ రాళ్ల మీద దెబ్బలు తింటారు.

ఇంకొకటి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడుతుండొచ్చు. వెళ్లగానే నీటి అంచున ఒక గులకరాయి పెట్టండి. అరగంటలో అది మునిగిందంటే సామాన్లు వదిలేసైనా పైకి ఎక్కేయాలి. తేటగా ఉన్న నీళ్లు టీ రంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు పెరిగినా అంతే.

మీరు అడిగిన ఒక్క రోజు ప్రయాణానికి నేను మూలపాడు చెప్తాను. హైదరాబాద్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాటాక వస్తుంది, కొండపల్లి అడవి అది. సీతాకోకచిలుకల పార్కు గేటు దగ్గర అటవీశాఖ వాళ్లని అడిగి, తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. వానలు పడ్డాక రాళ్ల మధ్య వాగు పారుతుంది. వేసవిలో వెళ్తే బండలే మిగులుతాయి. మోకాలి లోతు నీళ్లలో పిల్లలు గంటసేపు ఆడుకోవచ్చు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్టు ఆ అడవిదే. పాపకి చూపించండి.

గుంటూరు సిస్టర్:

నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. పైన అన్నగారు రాసినదానికి కొంచెం కలుపుతాను.

మునిగిన మనిషిని ఒడ్డుకి చేర్చగానే మనవాళ్లు చేసే మొదటి పని బోర్లా తిప్పి పొట్ట నొక్కడం, లేదా కాళ్లు పట్టి తలకిందులు చేయడం. దయచేసి అలా చేయకండి. పొట్టలో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు కూడా పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి. అప్పటికీ కదలిక లేకపోతే ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊపిరి, మళ్లీ 30. ఈలోపు ఇంకొకరు 108కి చేయాలి. అడవిలో సిగ్నల్ ఉండదు, అందుకే నడుస్తున్నప్పుడే ఫోన్ చివరిసారి ఎక్కడ పనిచేసిందో గుర్తు పెట్టుకోండి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఈత రాని తల్లిదండ్రులు పిల్లల వెనక దూకి ఇద్దరూ పోయిన కేసులు చూశాను. రాయాలంటేనే చెయ్యి ఆడటం లేదు. మీకు రాదన్నారు కాబట్టి గట్టి తాడు ఒకటి, చివర మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల క్యాన్ కట్టుకుని వెళ్లండి. అది విసరండి, మీరు దూకకండి.

పటమట వాసి:

నిన్న మూలపాడు వెళ్లొచ్చాం. పొద్దున ఆరున్నరకి గేటు దగ్గర ఉన్నాం. అక్కడి మనిషి ఒకాయన తోడొచ్చారు.

వాగులో నీళ్లు బాగానే ఉన్నాయి. కర్ర మావాడే పట్టుకున్నాడు. ఒక చోట అడుగు తేటగా కనిపిస్తుంటే ‘ఇక్కడ మోకాలి లోతే నాన్నా’ అన్నాడు. పొడిస్తే కర్ర మీద తడి వాడి నడుము దాకా వచ్చింది. వాడు ఆ తడి గీతని చాలాసేపు చూశాడు. నేను ఏమీ చెప్పాల్సిన పని రాలేదు. ఇంకాస్త కిందికి, నిజంగా మోకాలి లోతున్న చోటికి వాడే దారి తీశాడు.

పాప గులకరాయి పెట్టి దాని పక్కనే కూర్చుంది. రెండు నిమిషాలకోసారి ‘మునగలేదు నాన్నా’ అని అరవడం. తెల్లపొణికి చెట్టు చూపిస్తే బెరడు నిమిరి, ఇందులో ఏనుగు బొమ్మ ఎక్కడుందని అడిగింది. నేను చెప్పులు విప్పి మోకాళ్ల దాకా దిగాను. నీళ్లు ఇంత చల్లగా ఉంటాయని నాకు తెలియదు.

ఫొటోలోని మడుగు గురించి మావాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ముందు ఇంట్లో అందరికీ ఈత రావాలి, అప్పుడు తెలిసినవాళ్లతో వెళ్దామని చెప్పాను. ఒప్పుకున్నాడు. సోమవారం నుంచి నేనూ పాపా పూల్‌లో చేరుతున్నాం, పొద్దున ఆరింటి బ్యాచ్. కాలువగట్టు అన్నగారూ, మీ పెదనాన్న కట్టిన బెండు లాంటిది ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుందా?