పాత కంప్యూటర్‌కు ర్యామ్ పెంచాలా, ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగమైన డిస్క్) వేయాలా? బడ్జెట్ 2,000 రూపాయలు

ఇంట్లో ఉన్నది నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ స్టిక్ ఒక్కటే. విండోస్ 10, 64 బిట్. అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు కోసం ఎక్సెల్‌తో పాటు క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిచిందంటే మౌస్ కూడా మొరాయిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ 90 శాతం దాటుతోంది, పాత హార్డ్ డిస్క్ 100 దగ్గరే తిష్ఠ వేస్తోంది. మెమరీ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద పడుతుంది కదా, అందుకే అసలు రోగం ఎక్కడుందో తేల్చుకోలేకపోతున్నాను.

బోర్డులో రెండే స్లాట్లు, ఒకటి ఖాళీ. మరో 4 జీబీ వేస్తే మొత్తం డ్యుయల్ చానెల్‌లో, అంటే రెండు స్టిక్కుల నుంచీ ఒకేసారి డేటా అందుతూ, నడుస్తుంది. 8 జీబీ వేస్తే మొత్తం 12 అవుతుంది కానీ, అందులో 8 జీబీకే ఆ సౌకర్యం. మామూలు వాడకంలో ఆ తేడా తెలుస్తుందా?

ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే కొన్ని 8 జీబీ స్టిక్కుల వివరాల్లో అడుగున ఎక్కడో ‘ఏఎండీకి మాత్రమే’ అని ఉంటోంది. నాది ఇంటెల్ కాబట్టి వాటి జోలికి పోను. కానీ తక్కువ వోల్టేజీతో (1.35 వోల్టులు) నడిచే డీడీఆర్3ఎల్ ర్యామ్‌ను నా పాత 1.5 వోల్టుల స్టిక్ పక్కన పెట్టవచ్చా?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వాడిన ర్యామ్ కొన్నవారెవరైనా ఉంటే ధర ఎంత పడిందో, దుకాణంలోనే పరీక్షించి ఇచ్చారో లేదో చెప్పగలరు. కొత్త కంప్యూటర్ కొనమని మాత్రం అనకండి. అంత డబ్బే ఉంటే ఈ ప్రశ్న అడిగేవాణ్ణే కాదు.