దుకాణం బయట యజమానిని తోసేయడం దొంగతనాన్ని రాబరీగా (బలప్రయోగంతో చేసే దొంగతనంగా) మారుస్తుందా? (ఇంగ్లండ్, 1968 థెఫ్ట్ యాక్ట్)

పరీక్ష సాధన కోసం ఇచ్చిన ఒక ఊహాత్మక సమస్యకు రెండుసార్లు జవాబు రాశాను. రెండూ ‘విశ్లేషణ అసంపూర్ణం’ అన్న వ్యాఖ్యతో తిరిగి వచ్చాయి.

ఒక వ్యక్తి పాలు కొనడానికే దుకాణంలోకి వెళ్తాడు. యజమాని లోపలి గదిలోకి వెళ్లడం చూశాక దురాలోచన పుట్టి, కౌంటరు వెనక్కి వెళ్లి, గల్లాపెట్టెలోని 80 పౌండ్లు జేబులో వేసుకుని బయటికి నడుస్తాడు. 20 సెకన్ల తరువాత, కాలిబాట మీద తన చెయ్యి పట్టుకున్న యజమానిని తోసేసి పారిపోతాడు. కింద పడిన యజమాని మణికట్టు విరుగుతుంది.

బర్గ్లరీ (దొంగతనం ఉద్దేశంతో భవనంలోకి గానీ, దానిలో ఒక భాగంలోకి గానీ అనుమతి లేకుండా ప్రవేశించడం) విషయంలో నాకు సందేహం లేదు. వాకింగ్టన్ కేసు (1979) ప్రకారం కౌంటరు వెనక భాగాన్ని కొనుగోలుదారుకు ప్రవేశం లేని ‘భవనంలో ఒక భాగం’గా చూడవచ్చు కాబట్టి సెక్షన్ 9 సరిపోతుంది.

చిక్కంతా రాబరీని నిర్వచించే సెక్షన్ 8 దగ్గరే. బలప్రయోగం దొంగతనానికి సరిగ్గా ముందు గానీ, అది జరుగుతున్న సమయంలో గానీ, దొంగతనం చేయడం కోసమే జరిగి ఉండాలి. డబ్బు జేబులో పడగానే దొంగతనం ముగిసిందని మొదట రాశాను. రెండోసారి హేల్ (1978), లాక్లీ (1995) తీర్పుల ఆధారంగా, స్వాధీనపరచుకోవడం కొనసాగే చర్య అని వాదించాను. కానీ హేల్ కేసులో నిందితులు ఇంకా బాధితురాలి ఇంట్లోనే ఉన్నారు, ఇక్కడేమో మనిషి వీధిలోకి వచ్చేశాడు.

భవనం దాటాక, తప్పించుకునేందుకు వాడిన బలాన్ని ‘దొంగతనం చేస్తున్న సమయంలో, దొంగతనం కోసం’ వాడినదిగా నిలబెట్టడానికి హేల్ సూత్రం సరిపోతుందా?