కోలుకుంటున్నవాళ్లకు ఏఐ, కంప్యూటర్ పని నేర్పడం: ఎప్పుడు మొదలుపెట్టాలి, అసలు పెట్టొచ్చా?

పాఠాలు_చెప్పే_మనిషి:
ఒక డీఅడిక్షన్ సెంటర్ వాళ్లు నన్ను పిలిచి, చికిత్సలో ఉన్న 12 మందికి కంప్యూటర్, ఏఐ టూల్స్ నేర్పమన్నారు. బయటికి వెళ్లేసరికి చేతిలో ఏదో ఒక పని ఉండాలని వాళ్ల ఉద్దేశం. చేరిన రెండో వారం నుంచే మొదలుపెడదాం, ఖాళీగా కూర్చుంటే బుర్ర పాత దారినే పడుతుంది అంటున్నారు. అక్కడ సరే అనేసి వచ్చాను కానీ అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. నాకు పాఠం చెప్పడం వచ్చు, వ్యసనం గురించి తెలియదు. మేలు చేయబోయి కీడు చేస్తానేమో. తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

కౌన్సెలింగ్_గది:
రెండో వారం వద్దండి. నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మందు మానేసిన కొత్తలో నిద్ర పట్టదు, చదివింది గుర్తుండదు, ఒక్క విషయం మీద పది నిమిషాలు నిలవడం కష్టం. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ముందు వెనకలు చూసుకుని పని చేయడం, ఇవన్నీ నెలల మీద మెల్లగా తిరిగొస్తాయి, ఒక్కొక్కరికి ఒక్కోలా. ఆ స్థితిలో కొత్త సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెడితే రాక, పక్కవాడికి వచ్చేస్తుంటే చూసి, "నేనింతే, నాకేదీ రాదు" అనుకుంటారు. ఆ మాట తర్వాత వచ్చేది తాగాలన్న ఆలోచనే. ఇంకొకటి, అందరినీ మందు మానినవాళ్లే అనుకోకండి. జూదం, గేమ్స్ నుంచి బయటపడాలని వచ్చినవాళ్లూ ఉంటారు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ కూడా ఉంది. అలాంటి మనిషికి ఆ స్క్రీనే సారా కొట్టు గుమ్మం.

నాలుగేళ్లు_నిండాయి:
మేడమ్, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, "ఇంకా సిద్ధంగా లేడు" అన్న మాట మేము ఎన్నిసార్లు విన్నామో మీకు తెలియదు. నేను సెంటర్‌లో ఉన్నప్పుడు పొద్దున గ్రూపు, తర్వాత కౌన్సెలింగ్, సాయంత్రం మీటింగ్, అన్నీ బాగానే ఉండేవి. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఏమీ ఉండేది కాదు. గోడ చూస్తూ కూర్చునేవాణ్ణి. బయటికెళ్లాక ఎవరు పనిస్తారు, అప్పు ఎలా తీరుస్తాను అన్న ఆలోచనతోనే నరాలు తెగిపోయేవి, నిజం చెప్పాలంటే తాగాలన్న యావ కంటే ఆ భయమే నన్ను ఎక్కువ తినేసింది. ఎవరైనా వచ్చి టైపింగ్ నేర్పినా కాళ్లు మొక్కేవాణ్ణి.

అయితే మాస్టారూ, ఒక్క విషయంలో జాగ్రత్త. బయటికొచ్చాక ఒక ఏఐతో రెజ్యూమే రాయించుకున్నాను. మధ్యలో ఏ పనీ చేయని రెండేళ్లు ఉన్నాయి కదా, నేను అడగకుండానే అక్కడ ఓ ఉద్యోగం పెట్టేసింది, నమ్మకంగా, అందంగా. పంపడానికి వేలు బటన్ మీద పెట్టాను. అప్పుడు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లూ నేను బతికింది అలాంటి అబద్ధాల మీదే కదా, ఇంట్లో, ఆఫీసులో, డాక్టర్ దగ్గర. మానేయడం అంటే నాకు ముందు అబద్ధం మానేయడమే. మామూలు మనిషికి అదొక చిన్న పొరపాటు, మాకు అక్కడే కాలు జారుతుంది.

పాత_పరిశోధనలు_చదివేవాణ్ణి:
ఇది కొత్త ప్రశ్న కాదు. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో కెన్నెత్ సిల్వర్‌మన్ బృందం 1990ల నుంచి 'థెరప్యూటిక్ వర్క్‌ప్లేస్' అని నడిపింది. హెరాయిన్, కొకైన్ వాడినవాళ్లకు టైపింగ్, డేటా ఎంట్రీ నేర్పారు. వచ్చినవాళ్లు మూత్ర పరీక్ష ఇవ్వాలి, మత్తు లేదని తేలితే ఆ రోజు పని, పనికి డబ్బు. ఆ షరతు ఉన్నంతకాలం చాలామంది నిలబడ్డారు. తీసేశాక చాలామందిలో ఆ ఫలితం నిలవలేదు. అంటే వాళ్లను పట్టి ఉంచింది టైపింగ్ కాదు, మత్తుకు దూరంగా ఉంటేనే రేపు కూడా పని, డబ్బు అన్న షరతు.

ఇంకో పద్ధతి ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్), అమెరికాలోనే న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ల కోసం పుట్టింది. ముందు మామూలు ఉద్యోగంలో పెట్టు, తర్వాత అక్కడే నేర్పు, తోడుగా ఉండు. ఇంగ్లండ్‌లో మద్యం, డ్రగ్స్ చికిత్సలో ఉన్నవాళ్లతో పరీక్షించినప్పుడు ఉద్యోగం దొరికినవాళ్లు కొంత పెరిగారు. అందుకే నా ప్రశ్న వేరు: మీ క్లాసు చివర ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అప్పుడు నేర్పిన డేటా ఎంట్రీ ఇప్పుడు చాలావరకు యంత్రమే చేసేస్తోంది. సర్టిఫికెట్ చేతికిచ్చి పంపడం ఆశపెట్టి వదిలేయడమే అవుతుంది.

వాడి_అక్కని:
మీరంతా ఉద్యోగం అంటున్నారు, ఇంట్లో ఉండే మా మాట కూడా వినండి. మా తమ్ముడికి ఇంటి నుంచే చేసే పని దొరికింది, ఫొటోలు చూసి అందులో ఏముందో గుర్తించి ఏఐకి నేర్పే పని. ఎంత సంతోషించామో. మూడు వారాలకే తలుపు మూసుకోవడం మొదలైంది. లోపల పని చేస్తున్నాడో తాగుతున్నాడో ఎలా తెలుస్తుంది, తలుపు తడితే అనుమానిస్తున్నావా అంటాడు. ఆ ఫొటోల్లో రక్తం, కొట్లాటలు కూడా ఉండేవట, రాత్రిళ్లు పడుకోలేకపోయేవాడు, మాకు చెప్పలేదు. డబ్బంతా ఒకేసారి చేతికొచ్చిన రోజే మళ్లీ తాగాడు. ఇప్పుడు మళ్లీ బాగున్నాడు, నలుగురితో కలిసి చేసే పనికి వెళ్తున్నాడు, ఆ పనీ కంప్యూటర్ మీదే. కాబట్టి కంప్యూటర్ వద్దని నేను అనను, ఒంటరిగా వద్దు.

కౌన్సెలింగ్_గది:
నాలుగేళ్లు గారూ, మధ్యాహ్నం మూడు నుంచి ఆరు గురించి మీరు చెప్పింది నన్ను కదిలించింది. మేము ఆ టైమును 'విశ్రాంతి' అని రాస్తాం. నా మాట కొంచెం మార్చుకుంటాను. రెండో వారంలోనైనా రానివ్వండి, కానీ ఇష్టమున్నవాళ్లనే, అరగంటే, పరీక్షలూ మార్కులూ లేకుండా. జూదం, గేమ్స్ వల్ల వచ్చినవాళ్ల విషయం మాత్రం వాళ్ల డాక్టర్‌తో మాట్లాడాకే. ఇంకొకటి, తమ చికిత్స సంగతులు, ఇంటి గొడవలు ఏఐ చాట్‌లో టైప్ చేయొద్దని మొదటిరోజే చెప్పండి. అర్ధరాత్రి మనసు బాగోక దానితో మాట్లాడటం అలవాటైతే ఫోన్ చేయాల్సిన మనిషికి చేయరు.

పాఠాలు_చెప్పే_మనిషి:
అందరికీ దండాలు. పొద్దున సెంటర్‌తో మాట్లాడాను. 12 మందినీ విడివిడిగా అడిగితే ఏడుగురు వస్తామన్నారు. మొదటి నెల టైపింగ్, మెయిల్, ఫారాలు నింపడం, అంతే, అదీ ఇద్దరికి ఒక కంప్యూటర్. పని ఇచ్చేవాళ్లతో మాట్లాడే బాధ్యత సెంటర్ తీసుకోకపోతే రెండో నెలకు నేను రానని చెప్పేశాను, ఒప్పుకున్నారు. ఏఐ మొదటి క్లాసులో ఎవరి రెజ్యూమే వాళ్లు దానితో రాయించి, ప్రింట్ తీసి, అందులో నిజం కానిదల్లా ఎర్ర పెన్నుతో కొట్టేయాలి. ఆ రెండేళ్ల దగ్గర ఏం రాయాలో మాత్రం నాకు తెలియడం లేదు.

నాలుగేళ్లు_నిండాయి:
నేను "ఆరోగ్య కారణాలతో విరామం, ఇప్పుడు పనికి సిద్ధం" అని రాశాను. నిజమే కదా, అంతకంటే ఎక్కువ వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఆ ఎర్ర పెన్ను క్లాసుకి నేనూ వస్తాను, ఎప్పుడో చెప్పండి.

పాఠాలు_చెప్పే_మనిషి:
వచ్చే నెల మొదటి గురువారం. మధ్యాహ్నం మూడింటికి.