ఈత ఎముకలకు చాలదా? బెంగళూరు తల్లిదండ్రుల చర్చ

జయనగర్ జానకి: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. నాలుగేళ్లుగా వారానికి ఆరు రోజులు ఈత సాధన చేస్తోంది. గత నెల డెక్సా స్కాన్ తీయిస్తే, టీ స్కోరు మైనస్ 2 దాటిందనీ ఎముక సాంద్రత తక్కువనీ రాసి ఇచ్చారు. ఈత మాన్పించి వాలీబాల్‌లో చేర్చమని మా బావగారు పట్టుబడుతున్నారు. రోజుకు మూడు గంటలు శ్రమించే పిల్లకు ఎముకలు బలహీనపడటమేమిటి?

పాత స్పైకర్: మీ బావగారు సరిగ్గానే చెప్పారు. కొలనులో ఒంటి బరువును నీరే మోస్తుంది కాబట్టి, కండలూ ఊపిరితిత్తులూ ఎంత పెరిగినా, నేల మీద దూకినప్పుడు తుంటికీ వెన్నుకూ తగిలి ఎముకను పెంచే అదురు అక్కడ తగలదు. సైకిల్ తొక్కేవారి పరిస్థితీ అంతే. టెన్నిస్ ఆడేవారిలో రాకెట్ పట్టిన చేతి ఎముక రెండో చేతి ఎముకకన్నా మందంగా ఉంటుంది. మనిషీ తిండీ ఒకటే అయినప్పుడు ఆ తేడా ఆట వల్ల గాక దేనివల్ల వచ్చినట్టు? పైగా ఎత్తు బాగా పెరిగే రెండేళ్లలోనే, పెద్దయ్యాక ఉండే ఎముక రాశిలో దాదాపు నాలుగో వంతు సమకూరుతుంది. ఆ వయసు మళ్లీ రాదండీ.

కోరమంగళ కిరణ్: ముందు ఆ నివేదికను పక్కన పెట్టండి. టీ స్కోరు ఎదిగిన యువతుల ఎముకలతో పోల్చి చెప్పే లెక్క కాబట్టి, ఎదిగే పిల్లకు అది తక్కువగానే వస్తుంది. పిల్లలకు వయసుతో పోల్చే జెడ్ స్కోరు చూడాలి, అందులోనూ ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి.

పాత స్పైకర్: అంకె ఏదైనా ఈత ఈతే కదా?

కోరమంగళ కిరణ్: అంకె తప్పయితే ఈ చర్చకు ఆధారమే లేదు.

మల్లేశ్వరం అమ్మమ్మ: రాగి ముద్ద పెట్టండమ్మా, నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

బౌలర్ తండ్రి: అదురు మంచిదని చెప్పేవారు మా ఇంటికి వచ్చి చూడాలి. మా వాడు పదహారేళ్ల ఫాస్ట్ బౌలర్. విశ్రాంతి లేకుండా బౌలింగ్ చేయించిన కోచ్ పుణ్యమా అని నడుము ఎముకలో సన్నని చీలిక వచ్చి ఐదు నెలలు మంచం పట్టాడు. బుమ్రా అంతటివాడికే 2019లో నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది.

పాత స్పైకర్: అది అతి సాధన ఫలితం, దాన్ని నా మాటకు ఎందుకు అంటగడతారు? పక్షి రెక్క ఎముకపై చేసిన 1984 నాటి ప్రయోగంలో రోజుకు 36 సార్లు భారం పెడితేనే ఎముక పెరిగింది, వందలసార్లు పెట్టినా అంతకన్నా పెరగలేదు. మా కాలంలో తల్లులు స్కాన్లు తీయించకుండా పిల్లలను మైదానానికి పంపేవారు.

జయనగర్ జానకి: తల్లి ఏం చేసిందో మీకేం తెలుసు? పోటీలకు ముందు బరువు తగ్గాలని కోచ్ రాత్రి అన్నం మాన్పించారు. ఐదు నెలలుగా పిల్లకు నెలసరి ఆగిపోయింది. అడిగితే, గట్టిగా సాధన చేసేవారికి అది మామూలేనన్నారు. మీరందరూ నన్నే తప్పుపడతారని మొదట రాయలేదు.

ఫిజియో పద్మ: జానకి గారూ, అది మామూలు కాదు. శ్రమకు తగిన తిండి లేనప్పుడు శరీరం నెలసరిని ఆపేస్తుంది, ఎముకను కాపాడే ఈస్ట్రోజన్ పడిపోతుంది. ఏ ఆటలోనైనా వచ్చే ఈ శక్తి లోటుకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. మూడు నెలలు దాటిందంటే డాక్టరుకు చూపించాలి. ఈ స్థితిలో వాలీబాల్‌లో చేర్చితే స్ట్రెస్ ఫ్రాక్చర్ రావచ్చు.

పాత స్పైకర్: నెలసరి మాట తెలిసి ఉంటే దూకమనేవాణ్ని కాదు, క్షమించండి. అయినా ఆమె కోలుకున్నాక, ఈత మానకుండానే, రోజూ కాసేపు తాడాట ఆడించమనే అంటాను.

బౌలర్ తండ్రి: మా కోచ్ కూడా నొప్పిని మామూలేనన్నాడు.

జయనగర్ జానకి: రాత్రి అన్నం నిన్ననే మొదలుపెట్టాము. బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాము. కోచ్‌కు రాసిన సందేశానికి ఇంకా జవాబు రాలేదు.

కోరమంగళ కిరణ్: వెళ్లినప్పుడు జెడ్ స్కోరు అడగడం మరవకండి.