స్వతంత్ర సంఘమైతేనే దేవుడు రాజుగా ఉన్నట్టా? 1 సమూయేలు 8 మీద చర్చ

కొర్నేలి: అందరికీ వందనాలు. స్వతంత్ర సంఘాల కూటాల్లో తరచుగా వినిపించే బోధ ఒకటి ఉంది. రాజు కావాలని అడిగి ఇశ్రాయేలీయులు దేవుణ్ణే తోసేశారు (1 సమూయేలు 8:7) కాబట్టి బిషప్పు, సినడ్ (పై స్థాయి పాలక సభ), డయోసిస్ (ఒక బిషప్పు కింది ప్రాంతం) ఆఫీసు ఇవన్నీ ఆ పాపానికి కొనసాగింపే అంటారు. ఎవరి కిందా లేని స్థానిక సంఘం మాత్రమే నేరుగా దేవుని ఏలుబడిలో ఉందని చెబుతారు. ఈ వాదన వాక్యం ముందు నిలుస్తుందా? ఫలానా సంఘం గొడవలు ఇక్కడికి తేవొద్దని మనవి.

డెల్టా సహోదరుడు: నిలుస్తుంది బ్రదర్. 8:11 నుంచి 17 వరకు చదవండి. రాజు కొడుకుల్ని రథాలకు తీసుకుంటాడు, కూతుళ్లను వంటలకు, రొట్టెలకు తీసుకుంటాడు, మంచి పొలాలు, ద్రాక్షతోటలు తీసుకుంటాడు, పంటలో పదోవంతు తీసుకుంటాడు. ఇచ్చేది ఏమీ కనిపించదు. కొత్త నిబంధనలో పౌలు, బర్నబా ప్రతి సంఘంలోనూ పెద్దలను ఏర్పరచారు (అపొ. కార్యములు 14:23). అంటే ఒక్క సంఘానికి చాలామంది పెద్దలు. చాలా సంఘాలకు ఒక్క పెద్ద అన్నది అక్కడ లేదు. గోదావరి డెల్టాకు 1836లో గ్రోవ్స్‌తో కలిసి బయల్దేరి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ నాటిన సహవాసాలు బిషప్పు లేకుండానే నేటికీ నడుస్తున్నాయి. ప్రతి ఆదివారం రొట్టె విరవడానికి (ప్రభువు బల్లకు) వాళ్లకు ఏ అభిషిక్త పదవీ అవసరం పడలేదు.

మిస్పా: సహోదరా, 8వ అధ్యాయాన్ని 7వ వచనం దగ్గర మొదలుపెడితే సగం పోతుంది. మొదటి మూడు వచనాలు చూడండి. ప్రవక్త సమూయేలు తన కొడుకులు యోవేలు, అబీయాలను తానే న్యాయాధిపతులుగా పెట్టాడు. వాళ్లు బెయేర్షెబాలో లంచాలు తిన్నారు. రాజు లేని ఆ ఏర్పాటులోనే వారసత్వం దూరింది, అది కుళ్లాకే పెద్దలు రామాకు వచ్చారు. వాళ్ల ఫిర్యాదు నిజమే, అడిగిన మందే తప్పు. "అన్ని జనాల్లాగా" కావాలన్నారు, తమ ముందు నడిచి యుద్ధాలు చేసేవాడు కావాలన్నారు (8:20). తప్పు ఆ కోరికలో ఉంది. రాజు ఉండడమే పాపమైతే ద్వితీయోపదేశకాండము 17:14-20 ఎందుకు ఉన్నట్టు? అక్కడ రాజుకు అనుమతి ఉంది, దానితోపాటే కట్టడి ఉంది. గుర్రాలు పెంచుకోకూడదు, భార్యలను పెంచుకోకూడదు, వెండి బంగారాలు విస్తారంగా కూడబెట్టకూడదు. ధర్మశాస్త్రానికి సొంత ప్రతి రాసుకుని రోజూ చదవాలి, సహోదరుల మీద గర్వించకూడదు. సొలొమోను మూడు హద్దులూ దాటాడు: పన్నెండు వేల మంది రౌతులు, ఏడు వందల మంది భార్యలు, ఏటా 666 తలాంతుల బంగారం. కొడుకు రెహబాము కాలానికి పది గోత్రాలు పోయాయి. 1 సమూయేలు 12:14 అయితే ఇంకా స్పష్టం, మీరూ మీ రాజూ యెహోవాను అనుసరిస్తే మేలు అంటుంది.

ఇక న్యాయాధిపతి గిద్యోను. "నేను ఏలను, నా కొడుకూ ఏలడు, యెహోవాయే ఏలుతాడు" (న్యాయాధిపతులు 8:23) అన్న మాట స్వతంత్ర సంఘాల్లో బాగా వాడతారు. తర్వాతి వచనాలు ఎందుకు వదిలేస్తారు? వెంటనే దోపుడుసొమ్ములోని చెవిపోగులు అడిగాడు, తూకం 1,700 తులాల బంగారం, మన లెక్కలో సుమారు 19 కిలోలు. దానితో ఏఫోదు (యాజకుడు వేసుకునే వస్త్రం) చేయించి సొంత ఊరు ఒఫ్రాలో పెట్టాడు, ఇశ్రాయేలంతా దాని వెంట పడింది. కొడుకు అబీమెలెకు డెబ్బైమంది సహోదరుల మీద చెయ్యెత్తాడు. పదవి వద్దన్నాడు, కానుకలూ మందిరమూ తన ఊళ్లోనే ఉంచుకున్నాడు. పేరుకు రాజు లేని చోట రాచరికం ఎలా మొదలవుతుందో ఇంతకంటే దగ్గరగా చూపించే భాగం లేదు.

పాస్టరేట్ కమిటీ: బిషప్పు ఉన్న మా సంఘం వైపు నుంచి ఒక మాట. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులతోపాటు 1908 నాటి సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి కూడా చేరింది. అందులో స్థానిక సంఘ స్వాతంత్ర్యాన్ని ప్రాణంగా చూసుకున్న కాంగ్రిగేషనల్ సంఘాలున్నాయి, రాయలసీమలో లండన్ మిషన్ వాళ్లవి కూడా. వాళ్లు బిషప్పును ఒప్పుకున్నది రాజుగా కాదు, సంఘ రాజ్యాంగానికి లోబడినవాడిగా. ఆయన ఎన్నిక ప్రక్రియ ద్వారా వస్తాడు, నిర్ణీత వయసుకు దిగిపోతాడు. యూదులు కాని విశ్వాసులకు సున్నతి కావాలా అన్న విషయంలో అంతియొకయ సంఘం కూడా తనంతట తాను తేల్చుకోకుండా యెరూషలేముకు మనుషుల్ని పంపింది కదా (అపొ. కార్యములు 15).

ఇందులో చెడేది కూడా చెప్పాలి. ఆస్తులూ నియామకాలూ ఒక్క ఆఫీసులో చేరితే ఎన్నికలు ఆస్తుల కోసం జరుగుతాయి, ఆ తర్వాత కోర్టు కేసులు వస్తాయి. పల్లెలోని సంఘానికి తన మందిరం స్థలం మీద మాట చెల్లదు. డెల్టా సహోదరుడు చెప్పిన "తీసుకుంటాడు" అన్న హెచ్చరిక మాకు బాగా వర్తిస్తుంది.

లెక్కల లిడియ: సంఘంలో ఎవరు రాజో తెలియాలంటే ప్రసంగం కాదు, మూడు కాగితాలు చూడండి: స్థలం దస్తావేజు, బైలా లేదా ట్రస్టు డీడ్, బ్యాంకు సంతకాల కార్డు.

స్థలం దైవజనుడి (పాస్టరు) సొంత పేరు మీద ఉంటే, వీలునామా లేకుండా ఆయన చనిపోతే, క్రైస్తవులకు 1925 వారసత్వ చట్టం ప్రకారం మూడో వంతు భార్యకు, మిగతాది పిల్లలకు పోతుంది. పాతికేళ్లు కానుకలిచ్చిన విశ్వాసులకు కాగితం మీద ఏమీ ఉండదు. ట్రస్టు డీడ్‌లో "జీవితకాల మేనేజింగ్ ట్రస్టీ", "తన వారసుణ్ణి తానే నియమించును" అన్న రెండు వాక్యాలు ఉంటే అది యోవేలు, అబీయాల ఏర్పాటే. సొసైటీకి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురూ ఒకే ఇంటివాళ్లయితే అది పేరుకే సొసైటీ.

కానుకల విషయం: ఆరాధన అయిన వెంటనే, అక్కడే, బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెట్టాలి. నోట్ల వారీగా చీటీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం మొత్తం బ్యాంకులో వేసి, ఖర్చు చెక్కుతో తీయాలి. చాలాచోట్ల చెడేది ఇక్కడే. మైకు అద్దె, పెట్రోలు అంటూ సంచిలోంచే తీసి మిగిలింది లెక్కపెడతారు. అప్పుడు ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు. పౌలు అంతటివాడు కూడా చందా తీసుకెళ్లడానికి సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:19-21).

డెల్టా సహోదరుడు: సిస్టర్, ఆ మూడు కాగితాల మాట ఒప్పుకుంటున్నాను. ఏకవ్యక్తి పరిచర్యను నేను సమర్థించను, అది స్వతంత్ర సంఘం కాదు. కానీ దానికి మందు బిషప్పు కాదు, పెద్దల గుంపు. ముగ్గురు నలుగురు పెద్దలు ఒకరినొకరు అడగగలిగితే పైన ఇంకెవరూ అక్కర్లేదు.

మిస్పా: దియొత్రెఫే కూడా స్థానిక సంఘంలోనే ఉన్నాడు సహోదరా (3 యోహాను 9-10). ప్రధానత్వం కోరాడు, సహోదరుల్ని చేర్చుకోలేదు, చేర్చుకునేవారిని వెలివేశాడు. లోపలివాళ్లు ఆపలేకపోయారు. అపొస్తలుడు యోహాను బయటినుంచి వచ్చి నిలదీస్తానన్నాడు. ఆ బయటి మాట మీ ఏర్పాటులో ఎక్కడినుంచి వస్తుంది?

డెల్టా సహోదరుడు: అపొస్తలుడి అధికారం ఆయనతోనే పోయింది, పదవిగా బిషప్పుకు రాలేదు. ఇబ్బంది వస్తే పొరుగు సహవాసాల పెద్దలు ఇద్దరు ముగ్గుర్ని పిలుస్తాం. వాళ్లది సలహా. తీర్పు మాత్రం సంఘానిదే, మత్తయి 18:17 అలాగే చెబుతుంది.

లెక్కల లిడియ: ఎవరు పిలవాలి బ్రదర్? ఆరోపణ పెద్ద మీదే అయితే ఆయన పిలవడు. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే పెద్ద మీద కూడా ఫిర్యాదు తీసుకోవాలని 1 తిమోతి 5:19లో ఉంది. ఇంతమంది సభ్యులు రాసిస్తే ఇన్ని రోజుల్లో పొరుగు పెద్దల్ని పిలవాలని బైలాలో పెట్టండి. సమూయేలు కూడా రాజ్యపాలన పద్ధతిని నోటితో చెప్పి ఊరుకోలేదు, గ్రంథంలో రాసి యెహోవా సన్నిధిలో ఉంచాడు (1 సమూయేలు 10:25).

డెల్టా సహోదరుడు: అది న్యాయమే. మా సహవాసాల్లో చాలావాటికి రాతలో ఏమీ లేదు. సభ్యుల్లో ఎంతమంది అడిగితే సరిపోతుందంటారు? పదోవంతు అంటే చిన్న సంఘంలో ఒక్క కుటుంబమే అవుతుంది.

లెక్కల లిడియ: అందుకే కుటుంబాల లెక్కన పెట్టండి, తలల లెక్కన వద్దు. మూడు వేర్వేరు కుటుంబాల నుంచి ఒక్కొక్కరు చాలు.